పొగమంచులో దగ్గరి గుంజ

శనివారం ఉదయం ఏడున్నరకి పెనుమూడి రేవులో ఆటో దిగేసరికి మహబూబ్ బీ మోకాళ్ళు రెండూ మొరాయించాయి. పాపం, అయిదింటికి తెనాలిలో బయలుదేరిన మనిషి. రేపల్లెలో బస్సు దిగి, ఒక ఇడ్లీ తిని, రెండోది సహించక వదిలేసి, ఆటో మాట్లాడుకుని వచ్చింది. అరవై రెండేళ్ళు నిండాయి. ముప్ఫై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైంది. ఇక ఇంటి పట్టున కూర్చుని కాళ్ళకి కొబ్బరి నూనె రాసుకుంటానంది గానీ జనం కూర్చోనిస్తేగా! పోయిన గొలుసు దగ్గర్నుంచి చెప్పకుండా వెళ్ళిపోయిన అల్లుడి దాకా, పిన్నిని పిలిచినట్టు "ఖాలా, నువ్వయితేనే కనిపెడతావు" అంటూ గుమ్మంలో నిలబడేవాళ్ళే.

ఈసారి నిలబడింది నౌషీన్. తెనాలిలో బట్టలు కుట్టే పిల్ల. అమ్మా నాన్నా పోయాక ఆమెకి మిగిలింది అన్న నౌషాద్ ఒక్కడే. అతనికి చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళ ఫోటోలు బతకడానికి తీస్తాడు, పొగమంచు ఫోటోలు మనసు పడి తీస్తాడు. గురువారం తెల్లవారుజామున మంచు ఫోటోల కోసం ఇదే రేవుకి వచ్చాడు. ఎనిమిదీ పావుకి పడవతను చూసేసరికి బైకు ఉంది, మూడుకాళ్ళ స్టాండు మీద ఏటి వైపు తిప్పిన కెమెరా ఉంది, పక్కన సంచీ ఉంది. మనిషి లేడు.

రెండు రోజులుగా నాలుగు పడవలు కృష్ణని గాలించాయి. ఏమీ దొరకలేదు. ఈరోజు పదింటికి రేపల్లె పోలీసు స్టేషన్‌లో నౌషీన్ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. 'మా అన్న కాలుజారి ఏట్లో పడ్డాడు, నాకెవరి మీదా అనుమానం లేదు' అని. ఆ సంతకం పడితే పడవలు ఒడ్డెక్కుతాయి. వేరే చోట వెతికేవాళ్ళు అసలే ఉండరు.

నిన్న సాయంత్రమే ఫోన్ చేసి చెప్పింది మహబూబ్ బీ. "నేను చెప్పేదాకా సంతకం పెట్టకు బేటీ. మీ అన్న పాత ఫోటోల కార్డులన్నీ బిస్కెట్ల డబ్బాలో దాస్తాడు చూడు, అది కూడా తీసుకుని రేపల్లె వచ్చేయి."

ఇంకా రెండున్నర గంటలుంది. మంచు మాత్రం విడిచేలా లేదు.

ఆ పడవతను, శాలేమురాజు, పడవలో నీళ్ళు తోడి పోస్తున్నాడు. యాభై ఏళ్ళ మనిషి, తలకి తువ్వాలు చుట్టుకున్నాడు.

"నౌషాద్ సామాను ముందు చూసింది నువ్వేనా నాయనా?"

"నేనేనమ్మా. విచారణకొచ్చిన ఆ తెల్లకారు సార్‌కి అంతా చెప్పేశానండి."

"ఆయనకి చెప్పింది ఆయనకి. ఆయన అడగంది నాకు చెప్పు."

శాలేమురాజు చెంబు పక్కన పెట్టాడు. "ఏం చెప్పమంటారు? నాలుగేళ్ళబట్టీ చలికాలం వస్తే చాలు, దిగిపోయేవాడండి ఆ అబ్బాయి. ఎండొచ్చిందని అందరం ఒళ్ళు కాచుకుంటుంటే ఈయన మొహం మాడ్చుకుని కెమెరాకి మూత పెట్టేసేవాడు. సూర్యుడి మీద అలిగే మనిషిని నేను ఈయన్నే చూశానండి."

మహబూబ్ బీకి నవ్వొచ్చింది. వచ్చినంత తొందరగానే పోయింది.

"గురువారం పొద్దున నువ్వెక్కడున్నావు?"

"అయిదింటి నుంచీ ఏట్లోనే, వల దగ్గర. ఏమీ చూళ్ళేదండి. తెడ్డు ఒక కొస పట్టుకుంటే రెండో కొస కనబళ్ళేదు."

"చూడలేదు సరే. ఏం విన్నావు?"

అతను తువ్వాలు విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. "బైకు వచ్చిందండి. కాసేపటికి కారు. డోరు రెండుసార్లు పడింది. ధబ్, ధబ్ అని."

"ఎన్నింటికి?"

"మా చర్చి మైకు వెయ్యకముందు. ఆరింటికి వేస్తారు. మా పాస్టరుగారు పెళ్ళికి ఆలస్యంగా వస్తారేమో గానీ మైకుకి రారండి."

"ఆపేదెప్పుడు?"

"ఆరున్నరకి. ఆ పాటల్లో ఇంకేం వినబడదు. ఆపిన కాసేపటికి మళ్ళీ కారు డోరు పడింది. ఈసారి ఒక్కటే."

"ఒక్కటేనా? బాగా గుర్తు తెచ్చుకో."

"ఒక్కటేనమ్మా. మంచులో కళ్ళు పనిచెయ్యవు కాబట్టి చెవులతోనే బతుకుతాం మేము."

"మరి ఈ మాట ఆ సార్‌కి ఎందుకు చెప్పలేదు?"

"ఏం చూశావురా అని అడిగారండి. చూళ్ళేదన్నాను. ఏం విన్నావని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు."

మహబూబ్ బీ ఒడ్డు వెంట నడిచింది. స్టాండు మూడు కాళ్ళూ దిగిన గుంటలు తడి మట్టిలో ఇంకా ఉన్నాయి. అక్కణ్ణుంచి అయిదడుగుల్లో వల కట్టే గుంజ ఉంది. గుంజ నుంచి పక్కనున్న తుమ్మకొమ్మకి సాలెగూడు. దాని మీద మంచు బిందువులు ఎవరో కూర్చుని గుచ్చినట్టున్నాయి. గుంజ మీద చీలిక, తుప్పు పట్టిన మేకు, అన్నీ శుభ్రంగా కనబడుతున్నాయి. నలభై అడుగుల అవతల కట్టేసిన పడవ మాత్రం ఉందో లేదో అన్నట్టుంది. ఇంకాస్త అవతల ఏరే లేదు, తెల్లదనం తప్ప.

"సామాను నువ్వు చూసేటప్పటికి తెల్ల రుమాలు ఉందా? పెద్దది, నీలం అంచు?"

"మెళ్ళో వేసుకునేదేనా? ఎప్పుడూ కెమెరా మీద కప్పేవాడు, తేమ పడకుండా. ఆ వేళ లేదండి. కెమెరా బోడిగా ఉంది, మంచులో నానిపోతా."

కెమెరా ఉంది, దాన్ని కప్పే గుడ్డ లేదు. ఆ రుమాలు అంచు కుట్టింది నౌషీనే. పసిబిడ్డ తలకి చలిగాలి తగలనివ్వని తల్లిలా కెమెరాని చూసుకునే మనిషి, దాన్ని బోడిగా వదిలి ఏటి అంచుకి వెళ్తాడా?

ఎనిమిదీ ఇరవైకి గట్టు మీద హెడ్‌లైట్లు వెలిగాయి. తెల్లకారు వచ్చి ఆగింది. దిగినాయన లక్ష్మీనారాయణ. ఒకప్పటి సర్కిల్ ఇన్‌స్పెక్టరు, ఇప్పుడు తెనాలిలో ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు. మహబూబ్ బీ ఆయన కింద తొమ్మిదేళ్ళు పనిచేసింది. ఆయన టీలో చక్కెర రెండున్నర చెంచాలని ఈనాటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఆవిడ దొంగని పట్టుకున్న రోజు కూడా ఆవిణ్ణే టీ తెమ్మన్నాడు మరి.

"ఏంటి బీ, కాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయా?"

"మీ చెవుల కంటే నయమే సార్."

"నా చెవులకేమైంది?"

"కారు డోరు మూడుసార్లు పడితే ఒక్కసారీ వినబడలేదు వాటికి."

శాలేమురాజు తనతో అన్నదంతా వినిపించింది. ఆయన చెయ్యి విదిలించాడు. "రేవన్నాక కార్లు రావా? వంతెన చూడ్డానికి వస్తారు, సెల్ఫీలకి వస్తారు. కెమెరాలో ఆఖరి ఫోటో ఆరూ నలభై నాలుగుకి తీశాడు. అప్పటిదాకా బతికే ఉన్నాడు, ఇక్కడే ఉన్నాడు. తర్వాత కాలు జారింది. ఇంతోటి దానికి ఆ పిల్లకి లేనిపోని ఆశలు పెట్టకు."

"ఆ ఫోటోలు మీ దగ్గరున్నాయా?"

"కాపీలున్నాయి. చూస్తావా? చూసి ఇంటికెళ్ళి పడుకో."

లక్ష్మీనారాయణని ఈ పనికి పెట్టింది బాపట్ల వెంకటరత్నంగారు. ఆయన కొడుకు ప్రణీత్ ఫోటోలకి పేరు మోసిన కుర్రాడు. రేపు ఆదివారం బాపట్లలో అతని పొగమంచు ఫోటోల ప్రదర్శన. ఆ ఫోటోలకి ప్రింట్లు వేసి పెట్టేది నౌషాదే. "మా పనివాడు కనబడకపోతే మా బాధ్యత కదండీ" అని తండ్రి ఈయన్ని పెట్టాడు, కొడుకు రెండు రోజులుగా నౌషీన్‌ని ఓదారుస్తున్నాడు. నిన్న మహబూబ్ బీ బాపట్ల వెళ్ళినప్పుడు తనకీ మర్యాదగా టీ ఇచ్చి, గురువారం తొమ్మిదింటి దాకా మంచం దిగలేదని చెప్పాడు.

మహబూబ్ బీ కారు ముందు సీట్లో కూర్చుంది. చలి ఎముకల్లోకి దిగింది.

"ఈ చలిలో ఏసీ ఏంటి సార్?"

"మంచులో ఏసీ వెయ్యకపోతే అద్దం లోపల చెమ్మ పడుతుంది బీ. రోడ్డు కనబడదు. డ్రైవింగ్ నేర్చుంటే తెలిసేది."

ఒళ్ళో లాప్‌టాప్ పెట్టాడు. నౌషాద్ కెమెరా కార్డులో గురువారానికి ముందు తీసిన ఫోటోలు నలభై దాకా ఉన్నాయి.

మహబూబ్ బీ కళ్ళజోడు సర్దుకుంది. ఒకదాంట్లో ఇదే సాలెగూడు, ఒక్కో బిందువులో ఒక్కో చిన్న రేవు. వెనక పడవ మీద శాలేమురాజు మసిగీత లాగా ఉన్నాడు, గట్టిగా ఊపిరి వదిలితే చెరిగిపోయేటట్టు. ఇంకోదాంట్లో వరి కుప్పలు. మొదటిది పచ్చి గడ్డి రంగు, రెండోది బూడిద, మూడోది ఉత్త నీడ, నాలుగోది ఉందని మనం అనుకోవాలంతే. "మంచు తెల్లగా రావాలంటే కెమెరా మాట వినకూడదు ఖాలా" అనేవాడు నౌషాద్. "దానికి ఇంత తెలుపు కంటే భయం, బూడిద చేసేస్తుంది. మనమే ధైర్యం చెప్పి వెలుతురు పెంచాలి." ఆవిడ పెన్షన్ ఫోటో తీస్తూ కూడా ఈ గోలే. కూర్చోబెట్టి అరగంట చెప్పాడు. ఆ అరగంటా ఇప్పుడు పనికొచ్చేలా ఉంది.

ఆఖరి మూడు ఫోటోలు వచ్చాయి. ఆరూ నలభై ఒకటి, అంతా తెలుపు, ఏమీ లేదు. ఆరూ నలభై రెండు, బూడిద రంగు మసక. ఆరూ నలభై నాలుగు, గుంజ, వెనక పడవ, రెండూ అలుక్కుపోయి.

"మంచు దట్టంగా ఉంది చూశావా?" అన్నాడు లక్ష్మీనారాయణ.

ఆవిడకి ఏదో నచ్చలేదు. ఏమిటో మాత్రం చెప్పలేకపోయింది. అలిసిపోయిన బుర్ర మరి. వేరే సంగతి ఎత్తుకుంది.

"బాపట్ల బస్టాండులో ప్రదర్శన పోస్టరు చూశాను సార్. మంచులో ఒకావిడ కాలవగట్టు మీద నడిచి పోతున్న ఫోటో. కింద ప్రణీత్ పేరు."

"దానికి ఢిల్లీలో బహుమతి వచ్చింది. అయితే?"

"అందులో ఉన్నది నేను."

ఆయన పగలబడి నవ్వాడు. "మంచులో వీపు! అది నీదే ఎందుకవ్వాలి?"

"తెల్ల శాలువా, చేతిలో స్టీలు పాలక్యాను, కుడికాలు ఈడుపు. ఆ కాలు మీ జీపు మీద నుంచి పడే విరిగింది, మర్చిపోయారా? రెండేళ్ళ కిందట డిసెంబరు, తెనాలి కాలవగట్టు. వెనకనుంచి కేకేసింది నౌషాద్. 'ఖాలా, తిరక్కండి, అలాగే పది అడుగులు నడవండి' అని. ప్రణీత్ ఆ దరిదాపుల్లో లేడు."

లక్ష్మీనారాయణ నవ్వు సగం ఆగింది.

"నౌషాద్ ఆదివారం అందరి ముందూ నిలబడి, ఆ ఫోటో కింద పేరు నాది రాయండి అని అడుగుతానన్నాడట. చెల్లెలితో చెప్పాడు. ఎవరి ఫోటోనో మాత్రం చెప్పలేదు, ఆ పిల్లకి తెలీదు. నిన్న పోస్టరు చూశాక నాకు తెలిసింది."

"పేరు కోసం ప్రాణం తీస్తారా ఎవరైనా? పెద్దింటి పిల్లాడి మీద నోటికొచ్చింది మాట్లాడకు. ఫోటో ఎవరిదైతేనేం, ఆరూ నలభై నాలుగుకి నౌషాద్ ఇక్కడ నిలబడి ఇది తీశాడు. అది కాదని చెప్పు, చూద్దాం. చెప్పలేకపోతే దిగు. పదింటికి నేను రేపల్లెలో ఉండాలి."

మహబూబ్ బీ దిగింది. వాదించే ఓపిక లేదు. డోరు వేసి ఒక అడుగు వేసిందో లేదో, లోకం మాయమైంది. గట్టు లేదు, గుంజ లేదు, ఎదురుగా నిలబడ్డ శాలేమురాజు కూడా తెల్లటి మసక.

కళ్ళజోడు తీసింది. అయిదడుగుల దూరంలో గుంజ మీద మేకు చక్కగా కనబడింది. కళ్ళజోడు పెట్టింది. మేకూ లేదు, పడవా లేదు, రెండూ ఒకటే మసక.

అద్దం పట్టుకు చూసింది. చల్లటి అద్దం మీద సన్నగా చెమ్మ.

"సార్! దిగండి. మీ ఫోన్ పట్టుకుని దిగండి!"

దారి చూసుకోవడానికి ఆయన ఫోన్‌ని ఏసీ గాలి వచ్చే చోటే తగిలించి పెట్టాడు. చిరాకు పడుతూ దాంతో దిగాడు.

"ఆ గుంజని ఫోటో తీయండి. తుడవకండి. ఊఁ, తీయండి."

తీశాడు. చూసుకున్నాడు. గుంజా పడవా అలుక్కుపోయి, బూడిద రంగులో మసగ్గా ఉన్నాయి. లోపల లాప్‌టాప్‌లో ఉన్న ఫోటోకి అన్నదమ్ముడిలా ఉంది.

"పొగమంచు దూరాన్ని దాస్తుంది సార్, దగ్గరిదాన్ని దాచదు. నౌషాద్ తీసిన నలభై ఫోటోల్లో దగ్గరిది ఒక్కటి కూడా మసక లేదు. ఈ మూడింట్లో ఎదురుగా ఉన్న గుంజే అలుక్కుపోయింది. అది బయటి మంచు కాదు. కెమెరా అద్దం మీద చెమ్మ. అప్పటిదాకా ఆ కెమెరా ఏసీ వేసిన కారులో ఉంది."

ఆయన తన ఫోన్ అద్దాన్ని వేలితో తుడిచి చూసుకున్నాడు.

"నౌషాద్ వచ్చింది బైకు మీద. ఆ బైకుకి ఏసీ లేదుగా? ఆరింటికి ముందు డోరు రెండుసార్లు పడింది. వచ్చినవాడు తెరిచే వదిలి దిగి ఉంటాడు, ఎక్కాకే వేశారు. ఇద్దరు ఎక్కారు. కెమెరా కూడా ఎక్కింది. ఆరున్నర దాటాక ఒక్కసారే పడింది. ఒక్కడే దిగి, పని కానిచ్చి, ఒక్కడే ఎక్కాడు. స్టాండు నిలబెట్టి, కెమెరా ఏటి వైపు తిప్పి, మూడు ఫోటోలు నొక్కాడు. తెల్లగా వస్తే మంచే అనుకున్నాడు. జన్మలో మంచు ఫోటో తీసినవాడయితే ఆ పొరపాటు చెయ్యడు. పేరు వేసుకున్నవాడయితే చేస్తాడు."

"అయితే నౌషాద్..."

"ఈ ఏట్లో లేడు. ఆ అరగంటలో ఎక్కడో దింపాడు. బతికున్నాడో లేదో నాకు తెలీదు. కానీ రెండు రోజులుగా మనం వెతకాల్సింది నీళ్ళలో కాదు." ఆవిడ గట్టు మీద కూలబడింది. తల్లి లేని పిల్లకి ఒక కబురు చెప్పగలుగుతోంది, అంతే చాలనిపించింది. తొమ్మిదీ అయిదుకి స్పీకరు పెట్టి నౌషీన్‌కి ఫోన్ చేసింది.

"ఎక్కడున్నావు బేటీ?"

"వస్తున్నాను ఖాలా. బస్సులో ఏడుస్తూ ఏం వెళ్తావని ప్రణీత్ అన్న ఇంటికొచ్చి కారెక్కించుకున్నాడు. మీరు చెప్పిన బిస్కెట్ల డబ్బా కూడా తెస్తున్నాను."

మహబూబ్ బీ గట్టు మీద నుంచి లేచింది. "డబ్బాలో ఏముందో అతనికి చెప్పావా?"

"చెప్పాను. అన్న తీసిన అసలు ఫోటోలన్నీ ఇందులోనే ఉన్నాయి, ఖాలా అడిగింది అన్నాను. జాగ్రత్తగా తన దగ్గరే పెట్టుకున్నాడు."

తెమ్మన్నది తనే. ఎవరికీ చెప్పొద్దని మాత్రం అనలేదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో వందమందికి చెప్పిన జాగ్రత్త, అవసరమైన రోజున అలసటలో మర్చిపోయింది.

ఉర్దూలోకి మారింది. ప్రణీత్‌కి ఉర్దూ రాదు. నవ్వుతూ మాట్లాడమంది, ఏ మాటకీ కంగారు పడొద్దంది. తర్వాత మాటలన్నీ ఉర్దూలోనే నడిచాయి.

"కారులో ఏసీ వేశాడా?"

"వేశాడు ఖాలా. అయినా అద్దం మసకేస్తోందని, నా వైపు తుడవమని గుడ్డ ఇచ్చాడు." ఆగింది. "ఖాలా... దీనికి నీలం అంచు ఉంది. ఇది నా కుట్టే."

"నవ్వు బేటీ. నవ్వుతూనే ఉండు. కిటికీలోంచి ఏం కనబడుతోంది?"

"ఏమీ లేదు. అంతా తెల్లగా ఉంది. ఆగండి, రోడ్డు పక్కనే ఒక బోర్డు వచ్చింది. కర్లపాలెం."

తెనాలి నుంచి రేపల్లె వచ్చే దారిలో కర్లపాలెం రాదు, అది బాపట్ల వైపు.

ఊరి పేరుకి ఉర్దూ ఉండదు. ఫోన్‌లో మగగొంతు వినబడింది, చాలా మెత్తగా, తెలుగులో. "ఎవరు నౌషీన్? ఖాలాగారేనా? ఇలా ఇవ్వు, నేను మాట్లాడతాను."

లైను తెగింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

లక్ష్మీనారాయణ అప్పటికే స్టీరింగు ముందు కూర్చున్నాడు. చెవి దగ్గర ఫోన్, కర్లపాలెం స్టేషన్‌కి ప్రణీత్ కారు నంబరు చెబుతున్నాడు. చెప్పడం అయ్యాక ఇటు వంగి డోరు తెరిచాడు.

"ఎటు పోనివ్వమంటారండీ?" అన్నాడు.

తొమ్మిదేళ్ళు టీ తెప్పించుకున్న నోటి నుంచి ఆ గౌరవం రావడం అదే మొదలు. సంతోషించే ఓపిక ఆవిడకి లేదు. మోకాలు పట్టుకుని లోపలికి ఎక్కింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"చెరుకుపల్లి మీదుగా కర్లపాలెం. ఏసీ పూర్తిగా పెంచండి. అద్దం కనబడాలి."